గొలుసులున్న టిఫిన్ హోటల్

అమెరికాలో పేదల గూడు ఎక్కడ కూలిపోతుందోనని కంటిమీద కునుకు లేకుండా ఉన్నది పెట్టుబడి సంస్థలవాళ్లే. ఫ్యాక్టరీలో తయారై లారీల మీద వచ్చే ఇళ్లలో అక్కడ దాదాపు రెండు కోట్ల మంది కాపురముంటున్నారు. అలాంటి ఇళ్లను వరసగా నిలబెట్టుకునే స్థలమే మొబైల్ హోమ్ పార్క్. తాము కొనకపోతే ఎవరో బిల్డర్ కొని, నేలమట్టం చేసి అపార్టుమెంట్లు లేపుతాడని, కాబట్టి తాము చేస్తున్నది చవక ఇళ్ల సంరక్షణేనని ఈ సంస్థలు చెబుతుంటాయి.

సంరక్షణ ఎలా మొదలవుతుందంటే, అద్దె పెంపు నోటీసుతో.

యూటాకు చెందిన హేవెన్‌పార్క్ అనే పెట్టుబడి సంస్థ 2019లో అయోవా రాష్ట్రంలో కొన్ని పార్కులు కొంది. నార్త్ లిబర్టీలోని గోల్ఫ్‌వ్యూలో నెలకు 285 డాలర్లున్న జాగా అద్దె 450 అవుతుందని కబురొచ్చింది. వాకీ ఊళ్లోని మరో పార్కులో పెంపు 69 శాతం. అక్కడున్నవాళ్లలో పింఛను మీద బతికే ముసలివాళ్లు చాలామంది. పింఛను మాత్రం 69 శాతం పెరగలేదు.

నచ్చకపోతే ఖాళీ చేసి పోవచ్చుగా అనిపిస్తుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఇల్లు మనిషిది, కింద నేల కంపెనీది. ఇంటిని పెకలించి ఇంకోచోట దింపాలంటే వేల డాలర్లు కావాలి. ఇల్లు పాతదైతే దారిలోనే విరిగిపోవచ్చు. 1976లో కేంద్ర ప్రభుత్వ నిర్మాణ ప్రమాణాలు రాకముందు తయారైన ఇల్లయితే చాలా పార్కులు గేటు లోపలికే రానివ్వవు. అద్దె కట్టలేనివాడు చివరికి ఇంటిని అక్కడే వదిలేసి పోతాడు. కంపెనీ దాన్ని ఇంకొకరికి అద్దెకిచ్చుకుంటుంది.

పార్కులు కొనడమెలాగో ‘మొబైల్ హోమ్ యూనివర్సిటీ’ పేరుతో ఫీజు పుచ్చుకుని పాఠాలు చెప్పే ఫ్రాంక్ రోల్ఫ్ ఈ రహస్యాన్ని దాచుకోలేదు. పార్కంటే, వచ్చినవాళ్లను కుర్చీలకు గొలుసులతో కట్టేసిన వాఫుల్ హౌస్ లాంటిదని ఆయనే అన్నాడు. వాఫుల్ హౌస్ అంటే హైవేల పక్కన రాత్రింబవళ్లు తెరిచుండే టిఫిన్ హోటల్. తోటి సంరక్షకులు బ్రోషర్లలో పేజీల కొద్దీ దాచిపెట్టేదాన్ని ఒక్క వాక్యంలో కక్కేసినందుకు ఆయనకు దండం పెట్టాల్సిందే!

ఈ సేవకు సర్కారు ఆశీస్సులూ ఉన్నాయి. ఫెడరల్ అండ ఉన్న గృహరుణ సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ పార్కులు కొనే సంస్థలకు చవక వడ్డీకి అప్పు అందేలా చూస్తాయి. అదే పార్కులో ఇల్లు కొనుక్కునే మనిషికి దొరికేది ఎక్కువగా కారు లోను తరహా అప్పు, దానికి తగ్గ వడ్డీ.

నిజంగా కాపాడిన చోట్లూ లేకపోలేదు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎల్ కమీనో రియల్ రోడ్డు మీద బ్యూనా విస్టా పార్కు ఉంది. సుమారు 400 మంది ఉండే ఆ పార్కును మూసేస్తామని 2012లో యజమానులు దరఖాస్తు పెట్టారు. అయిదేళ్ల పోరాటం తర్వాత, 2017లో, శాంటా క్లారా కౌంటీ హౌసింగ్ అథారిటీ దాన్ని 4 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొంది.

న్యూ హాంప్‌షైర్‌లో అంత సొమ్ము అవసరం పడలేదు. 1984లో మెరెడిత్‌లో కొద్ది కుటుంబాలు సహకార సంఘం పెట్టుకుని, అప్పు తెచ్చి, తమ కింది నేలను తామే కొనుక్కున్నాయి. ఇవాళ ఆ రాష్ట్రంలో అలాంటి పార్కులు వందకు పైనే. పార్కు అమ్మేముందు అందులో ఉన్నవాళ్లకు 60 రోజుల నోటీసివ్వాలని అక్కడ చట్టముంది. ఇలాంటి చట్టం తమ దగ్గరా తెద్దామని వేరే రాష్ట్రంలో ఎవరైనా అన్నారో, అప్పటిదాకా పేదల గూటి గురించి బెంగపెట్టుకున్న సంరక్షకులకు ఉన్నట్టుండి ఆస్తి హక్కు గుర్తొస్తుంది.