ప్రభువుకే ప్రలోభం

ప్రలోభపెట్టి ఒకరిని మతం మార్చడం ఛత్తీస్‌గఢ్‌లో నేరం. 1968లో మధ్యప్రదేశ్ చేసిన చట్టం, 2000 నవంబరులో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆస్తులు, అప్పులతో పాటు ఇక్కడికీ వాటాగా వచ్చింది. డబ్బో, వస్తువో, మరో లాభమో చూపించి మతంలోకి రప్పిస్తే అది ప్రలోభమేనని అందులో రాసుంది. రాయపూర్‌కు చెందిన స్టానిస్లాస్ అనే ఫాదర్ కోర్టుకెక్కితే, 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తేల్చింది. అంత ఆలోచించి రాసిన చట్టంలోనూ ఓ లొసుగు మిగిలిపోయింది. మనిషి మనిషిని ప్రలోభపెడితే శిక్ష ఉంది. భక్తుడు దేవుణ్ణే ప్రలోభపెడితే ఏ సెక్షన్ కింద బుక్ చేయాలో ఎవరూ రాయలేదు.

ఈ లొసుగును వాడుకునేవాళ్లకు కరువేమీ లేదు.

హౌరా–ముంబై లైను మీద బిలాస్‌పూర్ దాటి రాయపూర్ వైపు వెళ్తుంటే బిల్హా అనే చిన్న స్టేషన్ తగులుతుంది. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు దాన్ని లెక్కచేయకుండా పోతాయి. బొగ్గు గూడ్సులు మాత్రం పగలూ రాత్రీ కదులుతూనే ఉంటాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వాళ్లు ఈ లైను మీదికి ఉద్యోగాలకు వస్తూనే ఉన్నారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోనుకు కేంద్రమయ్యాక ఆర్డర్లూ, అలాట్‌మెంట్లూ, బదిలీలూ అన్నీ అక్కడి నుంచే. రైల్వే కాలనీ ఉన్నచోట ఎవరో ఒకరి క్వార్టర్లో సాయంత్రం పూట చాపలు పరచి, పాటల పుస్తకాలు పంచి, తెలుగులో కూడిక పెట్టుకోవడం మామూలే. కూడికలో పాట తర్వాత ప్రార్థన, ప్రార్థన తర్వాత సాక్ష్యాలు. అక్కడ లేచి నిలబడే సహోదరుడి పేరు దాచనక్కర్లేదు. అతనికి పేరు లేదు. ప్రతి సంఘంలోనూ అతనొకడు ఉంటాడు.

‘‘అందరికీ ప్రభువు నామంలో వందనాలండీ. పోయిన ఈస్టర్‌కి ప్రభువుకి మాటిచ్చానండి. ప్రభువా, నన్ను గూడ్సు మీంచి తీసి ప్యాసింజరు బండి మీదికి తెచ్చీ, నీ మందిరానికి సౌండు బాక్సులు నేను పెట్టిస్తానన్నాను. ఆయన నమ్మదగినవాడండి. ఆర్డరొచ్చీసింది.’’

‘‘ఆమెన్! స్తోత్రం!’’ అంటారు అందరూ. ప్రార్థన ముగిశాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ పాస్టరుగారు నెమ్మదిగా అడుగుతారు: ‘‘బ్రదర్, మరి ఆ బాక్సులు?’’

‘‘అరియర్సు పడనీండి అయ్యగారూ.’’

ఈ ఒప్పందంలో దేవుడు తన పని ముందే పూర్తి చేసి, బిల్లు కోసం తిరుగుతున్న కాంట్రాక్టరు. అయినా సహోదరుణ్ణి తప్పుపట్టడానికి లేదు. అతని దగ్గర బైబిలు ఆధారమే ఉంది. బేతేలులో యాకోబు కూడా షరతులు పెట్టే మొక్కుకున్నాడు. దేవుడు తోడుండి, తిండీ బట్టా ఇచ్చి, క్షేమంగా ఇంటికి చేరిస్తే ఆయనే తనకు దేవుడని, వచ్చినదానిలో పదోవంతు ఇస్తానని మాటిచ్చాడు. తేడా ఒక్కటే. రాయి తలగడగా పడుకున్న యాకోబు తిండి, బట్ట దగ్గర ఆగాడు. మనవాడు సీనియారిటీ లిస్టు, పెద్ద క్వార్టరు, విశాఖ వైపు మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ దాకా వచ్చాడు. ఆత్మీయ ఎదుగుదల అంటే ఇదే కాబోలు.

ఎదుగుదలకు కొలతలు కూడా ఏటా కొత్తవి పడుతుంటాయి. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో వాగ్దాన కార్డుల పళ్లెం తిరుగుతుంది. కార్డు మీద సూర్యోదయమో, గులాబీయో, జలపాతమో ఉంటుంది. దాని పక్కన ఒక వచనం. వాటిలో తలగా ఉండటం గురించి, అప్పిచ్చేవాడిగా మారడం గురించి, కొట్లు నిండటం గురించి ఉన్నవే ఎక్కువ. లోకంలో మీకు శ్రమలు తప్పవని యేసు శిష్యులతో చెప్పిన మాట కార్డు మీద కనబడటం అరుదు. అచ్చువేసేవాళ్లకు మార్కెట్ తెలుసు. పొరపాటున సిలువ ఎత్తుకొమ్మనే కార్డు చేతికొస్తే ఏమవుతుందో పళ్లెం పట్టుకున్న సండే స్కూల్ పిల్లలు చెప్పగలరు. ‘‘ఇది మా ఆయనకి బావుంటుంది గానీ, నాకింకోటి తియ్యనీ అమ్మా.’’

అమెరికాలో ఈ కార్డులన్నిటికీ కలిపి ఓ పుస్తకమే వచ్చింది. మొదటి దినవృత్తాంతాల గ్రంథం నాలుగో అధ్యాయంలో, వంశావళుల నడుమ, యబ్బేజు అనే ఒకతను రెండు వచనాల్లో కనబడి మాయమవుతాడు. తన సరిహద్దులు పెంచమని దేవుణ్ణి అడిగాడు, దేవుడు ఇచ్చాడు. అంతే కథ. బ్రూస్ విల్కిన్సన్ 2000లో దాని మీద ఓ చిన్న పుస్తకం రాస్తే లక్షలకు లక్షలు అమ్ముడుపోయింది. తెలుగునాట రియల్ ఎస్టేట్ వెంచర్ల బ్రోచర్ల మీద యబ్బేజు బొమ్మ ఇంకా రాకపోవడమే వింత. తనకంటూ ఏమీ అడగకుండా, దేవుడు పిలిస్తే మంద వదిలి వెళ్లిన ఆమోసు ప్రవక్త మీద అలాంటి పుస్తకం రాస్తే ఎవరు కొంటారు?

అమెరికాలో దేవుడికి మనిషి ఇచ్చే ఆఫరు ఒక్కోసారి తిరగబడి, దేవుడే మనుషులకు గడువు పెట్టేదాకా పోయింది. 1987లో ఓరల్ రాబర్ట్స్ అనే టీవీ ప్రసంగికుడు మార్చి నెలాఖరులోగా 80 లక్షల డాలర్లు రాకపోతే దేవుడు తనను పైకి పిలుచుకుంటాడని ప్రకటించాడు. డబ్బు వచ్చింది. అందులో 13 లక్షల డాలర్లు ఇచ్చింది ఫ్లోరిడాలో కుక్కల పందేలు నడిపే ఆసామి. ఆయన చెక్కుతో పాటు ఓ సలహా కూడా ఇచ్చాడు, రాబర్ట్స్ ఒకసారి మానసిక వైద్యుడికి చూపించుకుంటే మంచిదని. ఆ రెండిటిలో ఏది ఎక్కువ విలువైనదో సంఘం ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇదంతా పరదేశం గోల అనుకుంటే, క్రైస్తవుల మీద ఈ దేశంలో నూరేళ్లకు పైగా ఉన్న ఒక ఆరోపణ గుర్తు చేసుకోవాలి. వీళ్లు బియ్యం కోసం మారారు అన్నది ఆ ఆరోపణ. మధ్యప్రదేశ్ ప్రభుత్వం వేసిన నియోగి కమిటీ 1956లో ఇచ్చిన నివేదికలో మిషనరీల మీద ప్రధాన ఫిర్యాదుల్లో ఇదొకటి. ఆ అనుమానం ఎక్కడెక్కడ మొలుస్తుందో ముందే గ్రహించి, దానికి అడ్డుకట్ట వేసినవాడు ఒంగోలు మిషనరీ క్లౌ దొర. 1876లో మొదలైన ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పలుగూ పారా పట్టుకున్నవాళ్లు బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. 15 నెలల పాటు ఆపేశాడు. కరువు సాయం కట్టేశాకే ఆ తలుపు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూలి ఇచ్చినప్పుడు బాప్తిస్మం లేదు, బాప్తిస్మం ఇచ్చినప్పుడు కూలి లేదు.

ఇవాళ ఏ పాస్టరైనా కొత్తగా వచ్చినవాళ్లను 15 నెలలు ఆపి చూడండి. వాళ్లు పక్క సంఘంలో బాప్తిస్మం తీసుకోవడమే కాదు, ఏడాది తిరిగేసరికి అక్కడ కమిటీ మెంబర్లు కూడా అయిపోతారు. అసలు విచిత్రం అది కాదు. క్లౌ అంత కష్టపడి తుడిచేసిన ఆరోపణకు ఇప్పుడు సాక్ష్యాలు పోగుచేసి పెడుతున్నది విశ్వాసులే. ప్రభువు దగ్గరికి వచ్చాక కారొచ్చింది, ప్లాటొచ్చింది, అబ్బాయికి వీసా వచ్చింది అని మైకులో, అదీ సౌండు బాక్సుల్లో, కాలనీ అంతటికీ వినబడేలా ఒప్పుకుంటున్నారు. ఫిర్యాదీ చెయ్యాల్సిన పని ముద్దాయే చేసిపెడితే పోలీసులకు శ్రమ ఏముంది?

మిషనరీలందరూ క్లౌ అంత జాగ్రత్తపడ్డారని కూడా కాదు. 1868లో ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి వచ్చిన జర్మన్ మిషనరీ ఆస్కార్ లోర్ రాయపూర్, బిలాస్‌పూర్‌ల మధ్య 1,500 ఎకరాలకు పైగా బీడు కొని, విశ్రామ్‌పూర్ అనే ఊరు కట్టాడు. చేరినవాళ్లు ఎక్కువగా సత్నామీ పంథా వాళ్లు. దాంతో మిషన్ ఆ ఊరికి మాల్‌గుజారు, అంటే భూస్వామి అయింది. ఆదివారం పాపక్షమాపణ ప్రకటించిన నోరే సోమవారం శిస్తు బకాయి అడగాల్సి వచ్చింది. ఆ ఊళ్లో దొరలకూ రైతులకూ నడిచిన పేచీలను చరిత్రకారుడు సౌరభ్ దూబే వివరంగా రాశాడు. పరలోక రాజ్యం కూడా ఈ నేల మీద అడుగు పెట్టేముందు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లక తప్పలేదు.

ఈ లెక్కన బిల్హాకు అట్టే దూరం లేని మద్‌కూ ద్వీపం మేళా ఎంతో నయం. శివనాథ్ నది చీలి మళ్లీ కలిసే చోట ఉన్న ఆ దీవిలో 1909 నుంచి ఏటా ఫిబ్రవరిలో మసీహీ మేళా జరుగుతోంది. కుటుంబాలకు కుటుంబాలు వచ్చి గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉంటాయి. అబ్రాహాములా మనమూ ఈ లోకంలో గుడారవాసులమేనని వేదిక మీద ప్రసంగం సాగుతుంటే, గుడారంలో ఫోను ఛార్జింగ్‌కి ప్లగ్ కోసం వెతుకులాటా సాగొచ్చు. దుకాణాలూ ఉంటాయి, పిల్లల అల్లరీ ఉంటుంది, పెళ్లి సంబంధాల ఆరాలూ ఉంటాయి. కానీ మేళాలో ఒక నిజాయితీ ఉంది. దుకాణం దుకాణమే, పందిరి పందిరే. బొమ్మలమ్మేవాడు తన బొమ్మ అభిషేకం పొందిందని చెప్పడు. జిలేబీ తిన్నవాడు దాన్ని ఆశీర్వాదం అనడు, జిలేబీ అనే అంటాడు. చిక్కల్లా దుకాణం పందిట్లోకి వచ్చి ప్రసంగం మొదలుపెట్టినప్పుడే.

అడుక్కోవడమే తప్పని ఇక్కడ ఎవరూ అనడం లేదు. మద్‌కూ వైపు పోయే దారిలోనే బైతల్‌పూర్ దగ్గర చాంద్‌ఖురీలో 1897 నుంచి కుష్ఠు రోగుల ఆశ్రమం ఉంది. వేళ్లు పోయినవాడు మందు కోసం, అన్నం కోసం చేసే ప్రార్థన లోకాశ అయితే, అనుదినాహారం అడగమని నేర్పినవాడిదే మొదటి తప్పు. ఆకలిగొన్నవాడు అడిగే బియ్యానికీ, మూడో బెడ్‌రూముకు అడిగే గ్రానైటుకూ తేడా దేవుడికి తెలుసు. గ్రానైటు అడిగేవాడికీ తెలుసు. అందుకే గొంతు పెంచుతాడు.

డబ్బు చేతికొచ్చాక ఏం చేయాలో చెప్పినవాళ్లు లేకపోలేదు. మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ న్యాయంగా ఎంతైనా సంపాదించమన్నాడు, ఎంతైనా మిగల్చమన్నాడు, తర్వాత అంతా ఇచ్చేయమన్నాడు. మొదటి రెండు మాటలూ భక్తులకు వెంటనే పట్టాయి. 1776లో ఇంగ్లండు పన్నుల అధికారులు వెస్లీ ఇంట్లో వెండి సామాను వివరాలు అడిగితే, లండన్‌లో రెండు చెంచాలు, బ్రిస్టల్‌లో రెండు చెంచాలు అని బదులిచ్చాడు. మన దగ్గర హైదరాబాద్ హెబ్రోను భక్త్ సింగ్, కెనడాలో ఇంజనీరింగ్ చదివి వచ్చి, జీతం పుచ్చుకోకుండా, డబ్బు కోసం మనుషుల్ని అడగకుండా, 2000లో కన్నుమూసేదాకా గడిపాడు. అవసరమేదో దేవుడికి చెప్పుకుంటే చాలనేవాడు. ఇప్పటి లైవ్ ప్రసారాల్లో తెర కింద మూల కూర్చున్న క్యూఆర్ కోడ్ ఆయనకు చూపిస్తే, అదేదో ముగ్గు అనుకునేవాడు.

ఇక దోర్నకల్. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో ఆ పల్లెల్లో సంఘాలు చాలావరకు పూటగడవని కూలీలవి. ఎసరు పెట్టేముందు తల్లులు కుండలోంచి పిడికెడు బియ్యం తీసి దేవుడి వాటాగా వేరే కుండలో వేసేవారు. కుండ నిండాక గుడికి తెచ్చేవారు. బియ్యం కోసం వచ్చారన్నవాళ్లకు వాళ్లిచ్చిన జవాబు కూడా బియ్యమే. ఛత్తీస్‌గఢ్‌కు ధాన్యపు గిన్నె అని పేరు. ఇక్కడ బియ్యానికి లోటు లేదు. పిడికిలికే పని తగ్గింది.

అందుకని బిల్హాలోనూ, అక్కడి నుంచి అటూ ఇటూ ఉన్న సంఘాల్లోనూ ఓ చిన్న ప్రయోగం చేసి చూడొచ్చు. ఒక్క ఆదివారం సాక్ష్యాల వేళ, వచ్చినవాటి సంగతి పక్కనపెట్టి వదులుకున్నవాటి గురించే చెప్పమనాలి. లంచం వద్దని పోగొట్టుకున్న పోస్టింగు, పగ వదిలేసి మాట్లాడిన తోడికోడలు, అన్నకు వదిలేసిన గట్టు, తీసుకోని కట్నం. హాల్లో పైన తిరుగుతున్న ఫ్యాన్ల చప్పుడు చక్కగా వినబడుతుంది. చాలాసేపటికి వెనక వరసలోంచి మన సహోదరుడు లేస్తాడు.

‘‘అయ్యగారూ, చిన్న డౌటండి. కావాలని వదులుకున్నదే చెప్పాలా, పోయినదైనా పర్లేదా? మొన్న బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద నా సెల్లు కొట్టేశారండి.’’