సున్నాలో ఇరవై శాతం

బజారు పడిపోయిందని తెలియగానే మాంద్యం గురువులు మైకు అందుకుంటారు. ‘సంక్షోభాన్ని అవకాశంగా మలుచుకోండి’ అని చిన్న వ్యాపారులకు సెలవిస్తారు. సంక్షోభం ముదిరేకొద్దీ వాళ్ల సెమినార్లకు గిరాకీ పెరుగుతుంది గనక, వాళ్ల మటుకు ఆ మాట అక్షరాలా నిజం.

అలాంటి గురువును ఒకరిని సోమందేపల్లెకు పిలుద్దాం. పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఊరు. దారి తప్పే భయం లేదు. పొరుగునే ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కాబట్టి దారిలో ప్రగతి దర్శనం కూడా అవుతుంది. ఆయన దిగాల్సింది మాత్రం మూడు మగ్గాలున్న ఓ ఇంటి ముందు.

మొదటి సూత్రం: ఖర్చు తగ్గించుకోండి. చిత్తం. రేషం, జరీ లేనిదే చీర లేదు. పోగులు తగ్గిస్తే చేతికొచ్చేది పట్టుచీర కాదు, దోమతెర. కూలి తగ్గిస్తే నేసేవాడు బెంగళూరు బస్సెక్కుతాడు. మిగిలింది ఇంటామె. తెల్లారకముందే కండెలు చుట్టడానికి కూర్చుంటుంది, వంటకు లేస్తుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఆమె కూలి ఏ పద్దులోనూ ఏనాడూ పడలేదు. ఇంతకన్నా ఎట్లా తగ్గించాలో గురువుగారే చేసి చూపించాలి.

రెండో సూత్రం: అరువు ఇవ్వకండి. అనంతపురం సీమలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ ఎగ్గొడితే శనక్కాయ పోతుంది, పెళ్లి వాయిదా పడుతుంది, చీర అంగడిలోనే ఉండిపోతుంది. నేసిన చీరలు ధర్మవరం మోసుకుపోతే ‘పెట్టిపోన్నా, అమ్మినాక చూద్దాం’ అంటాడు సావుకారి. వెనక్కి తెచ్చుకుంటే మరుసటి పడుగుకు డబ్బు లేదు. పెట్టి వస్తే డబ్బడిగిన ప్రతిసారీ ఒకమాటు ఆషాఢం అంటాడు, ఇంకోమాటు మూఢం అంటాడు. కిరాణా కొట్టాయనదీ ఇదే కథ. ‘పంటొచ్చినాక ఇస్తాలే’ అన్నవాడికి ఈరోజు బియ్యం కొలవకపోతే, రేపు పంటొచ్చినా వాడు ఆ గుమ్మం తొక్కడు.

మూడో సూత్రం: ప్రభుత్వ రుణాలు వాడుకోండి. వాడుకుందాం. 2020 మే నెలలో, కరోనా దెబ్బకు కుదేలైన చిన్న పరిశ్రమల కోసం కేంద్రం 3 లక్షల కోట్ల రూపాయల పూచీకత్తు లేని రుణాలు ప్రకటించింది. ఎవరికెంత? 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న పాత రుణ బాకీలో 20 శాతం. బ్యాంకు మెట్లెక్కకుండా వడ్డీ వ్యాపారి దగ్గరే అప్పు తెచ్చుకున్న వాడికో? సున్నాలో 20 శాతం. లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

గురువుగారి నోట రాని సంగతి ఒకటుంది. చిన్న ఉత్పత్తిదారుడి దగ్గర సరుకు కొన్నవాడు, రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులు దాటకుండా, లేకుంటే 15 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఫిర్యాదు చేయడానికి సమాధాన్ అనే పోర్టల్ కూడా 2017లో తెచ్చారు. గడువులోగా కట్టని సొమ్మును ఆదాయపు పన్ను లెక్కల్లో అప్పటికప్పుడు ఖర్చుగా చూపుకోవడం కుదరకుండా 2023లో ఇంకో మేకు కొట్టారు. ఇన్ని ఉన్నా ఫిర్యాదుకు చెయ్యి రాదు. సావుకారి మీద కేసు పెట్టిన మర్నాడు చీరలు ఎవరికి వెయ్యాలి? హక్కు కాగితం మీదుంది, వచ్చే వారం కూడు సావుకారి చేతిలో ఉంది.

అమ్ముడుపోని చీరకు డబ్బు రాలేదంటే గిరాకీ లేదని సరిపెట్టుకోవచ్చు. అమ్ముడైన చీరకూ రావడం లేదు కదా! పెళ్లివాళ్లు రొక్కమిచ్చే పట్టుకెళ్లారు. ఆ రొక్కం అంగడి గల్లాపెట్టె దాటి మగ్గం దాకా రాలేదు. దీనికి మాంద్యమని పేరు పెట్టడం బాకీదారుకు చేసే మర్యాద.

కాబట్టి మాంద్యం గురువులకు ఒక మనవి. నేసేవాడికి ఓర్పు, పొదుపు, ధైర్యం నేర్పే శ్రమ మీకు వద్దు, అవి ఈ సీమలో కరువే నేర్పింది. తర్వాతి సెమినార్ బాకీదార్లకు పెట్టండి. సూత్రం ఒక్కటి చాలు: సరుకు తీసుకున్నాక డబ్బు కట్టండి.