1953 దాకా వేలునొప్పి

కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే గోడ చూపిస్తుంది. గోడ మీద క్యూఆర్ కోడు. "స్కాన్ చేసి ఫారం నింపండి అంకుల్, మొత్తం పేపర్‌లెస్ చేశాం." ఆ పేపర్‌లెస్ సంగతి కూడా కాగితం మీదే ప్రింటు తీసి, సెలోటేపుతో అతికించారు.

అమ్మకు షుగరు. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, దాంతోపాటు ఈ ఫారం. మూడు నెలల చక్కెర లెక్క రక్తానికి గుర్తుంటుంది గానీ, కిందటిసారి మేం నింపిన ఫారం ఆ సర్వర్‌కి గుర్తుండదు.

పేరు దాకా సాఫీగానే సాగుతుంది. గొడవంతా పుట్టిన తేదీ దగ్గర. టైపు చేయనివ్వదు. ఈ నెల క్యాలెండరు తెరుచుకుంటుంది. బాణం గుర్తు నొక్కితే ఒక్కటంటే ఒక్క నెల వెనక్కి పోతుంది. అమ్మేమో గోదావరికి పెద్ద వరద వచ్చిన 1953లో పుట్టింది. నొక్కుతూ కూర్చున్నాను. కరోనా ముందు పోయి, తరవాత వచ్చింది. 2014 జూన్ దాటగానే రెండు రాష్ట్రాలూ ఒకటైపోయాయి, ఎవరూ ధర్నా చేయలేదు. 1983 జనవరిలో రామారావు గారు ముఖ్యమంత్రి కుర్చీ దిగి మేకప్ వేసుకోవడానికి వెళ్లిపోయారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన సముద్రంలోకి మళ్లిపోయింది. అక్కడ మాత్రం కాసేపు వేలు ఆగింది. 1956 నవంబరు దాటాక హైదరాబాదు, నేను కూర్చున్న ఆసుపత్రితో సహా, వేరే రాష్ట్రంలోకి పోయింది. ఇంకో మూడేళ్లు నొక్కితే అమ్మ పుడుతుందనగా "సెషన్ గడువు ముగిసింది" అని వచ్చింది. అమ్మ పుట్టలేదు. ఆ లెక్కన నేనూ లేను, కన్సల్టేషన్ ఫీజు మాత్రం కట్టేశాను.

కాగితమే గొప్పదని నేననను. డాక్టర్ల రాత మందుల షాపువాళ్లకు తప్ప ఎవరికి అర్థమైంది గనక? ప్రభుత్వాసుపత్రుల్లో ఆభా ఆరోగ్య ఖాతా యాప్‌తో కోడు స్కాన్ చేస్తే ఓపీ టోకెన్ ఫోన్లోకే వస్తోంది, లైన్లో నిలబడే బాధ కొంత తగ్గింది. సంతోషం. ఇక్కడ మాత్రం ఇంత తిప్పలూ పడి లోపలికెళ్తే, నర్సు తెల్లకాగితం, బాల్‌పెన్ను తీసి "పేరు చెప్పండమ్మా" అంటుంది.

ఈసారి ఫారంలో కొత్త ప్రశ్నలు చేరాయి. షుగరు ఉన్నవాళ్లలో దిగులు జబ్బు కూడా ఎక్కువే, అడగడం మంచిదే. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? అసలు లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు రోజూ. అంతా ఇంగ్లీషులో. అమ్మ తెలుగు పేపరు సంపాదకీయంతో సహా చదువుతుంది గానీ, ఈ తెర మీది అక్షరాలు ఆమె కళ్లకు ఆనవు. పైగా చెముడు. అందుకని ఆ ప్రశ్న నేనే తెలుగులో, హాలంతా వినేట్టు గట్టిగా అడిగాను. అమ్మ నా వంక చూసింది, పక్కనున్న కోడలి వంక చూసింది. "నాకేం లోటురా, ఏమీ లేదని పెట్టు" అంది. పెట్టాను.

కాగితం ఇస్తే అట్ట ఒళ్లో పెట్టుకుని తనే టిక్కు పెట్టుకునేది. ఏ గడిలో పెట్టేదో నాకు తెలియదు. నాకు తెలియాల్సిన పనీ లేదు.

ఆసుపత్రి యాజమాన్యానికి ఒక్క మనవి. మీ కోడు అక్కడే ఉండనీయండి. దాని పక్కన తెలుగులో, పెద్దక్షరాలతో అచ్చేసిన ఫారాలు కొన్ని పెట్టించండి. పెన్నులు మేమే తెచ్చుకుంటాం.