పరిశోధనలు చెబుతున్నాయట!

ఉపాధ్యాయ శిక్షణలో ఒక మాట పడగానే హాలంతా నోరు మూసుకోవాలి: "పరిశోధనలు చెబుతున్నాయి." ఎవరు చేశారు, ఎందరు పిల్లల మీద చేశారు అనడిగితే శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ (ఆర్పీ) గారికి కోపమేమీ రాదు. పాపం, ఆయనకూ తెలియదు. పైనుంచి వచ్చిన పీపీటీలో అలాగే ఉంది.

అందులో డేల్ అనుభవ శంకువు తప్పక ఉంటుంది. డీఎడ్ రోజుల నుంచీ మోస్తున్నదే. చదివితే 10 శాతం గుర్తుంటుంది, వింటే 20, చూస్తే 30, చేస్తే 90. మెదడు పదో ఎక్కం ఇంత శ్రద్ధగా అప్పజెప్పడం ముచ్చటేస్తుంది. 1946లో ఎడ్గార్ డేల్ శంకువు గీసిన మాట నిజమే. అందులో ఒక్క శాతమూ లేదు. స్వయంగా చేసే పనులు అడుగున, ఒట్టి మాటలు కొసన పేర్చి చూపాడంతే. దీన్నే పట్టుకుని వేలాడొద్దని హెచ్చరించాడు కూడా. మరి అంకెలో? 1967లో మోబిల్ ఆయిల్ కంపెనీ ఉద్యోగి ఒకాయన ఆధారమేదీ చూపకుండా ఇలాంటి లెక్కలే ఓ పత్రికలో రాశాడు. తర్వాత ఎవరో పుణ్యాత్ములు వాటిని తెచ్చి శంకువుకు అతికించారు. పిల్లల జ్ఞాపకశక్తికి పెట్రోలు కొలత! పైగా, వింటే 20 శాతమే మిగులుతుందన్న సంగతిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి వినిపిస్తారు.

అసలు పరిశోధనేదో టీచరే వెతుక్కుని చదవొచ్చుగా అంటారు. భేషుగ్గా చదవొచ్చు. హాజరూ, మధ్యాహ్న భోజనం ఫొటోలూ యాప్‌లోకి ఎక్కించాక, సర్వర్ కరుణిస్తే. తీరా అసలు వ్యాసం దొరికితే గుమ్మంలోనే డాలర్లు అడుగుతుంది. 2024 నవంబరులో కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పేరిట మూడేళ్లకు 6,000 కోట్లు మంజూరు చేసి దాదాపు 13,000 జర్నళ్ల తలుపులు తెరిచింది. ఎవరికి? ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు. ఆ 'వన్ నేషన్'లో మండల పరిషత్ బడి లేదు.

ఇంకో చోద్యం. పిల్లల మార్కులను బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే ఏమవుతుందని పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో, వందల సర్కారు బడుల్లో పరీక్షించారు. మార్కులు పెరిగాయి. పిల్లలూ మనవాళ్లే, టీచర్లూ మనవాళ్లే. ఫలితం మాత్రం 2011లో షికాగో నుంచి వెలువడే ఓ జర్నల్‌లో, ఇంగ్లిష్‌లో.

అలాంటి వ్యాసాన్ని నాలుగు పేజీల తెలుగులోకి దించి, ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ పనికిరాదో రాసి స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో పంచడానికి కోట్లు అక్కర్లేదు. జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్)లో ఇద్దరు లెక్చరర్లు, ఓ వారం చాలు. చిక్కల్లా ఒకటే. చదివిన టీచర్లు ప్రశ్నలు వేస్తారు. శిక్షణ నివేదికలో దానికి కాలమ్ లేదు.