షట్స్ గారు

శనివారం సాయంత్రం జర్మనీలోని కొలోన్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కైనా వెళ్లండి. ఏ ఇల్లాలో "షట్స్!" అని కేకేస్తే బీరు సీసాల దగ్గరా చీజ్ ముక్కల దగ్గరా ఉన్న మగవాళ్లు నలుగురైదుగురు ఒక్కసారే తల తిప్పుతారు. షట్స్ అంటే మన బంగారమే. ఆదివారం కొట్లు మూత కాబట్టి ఊళ్లో బంగారాలన్నీ ఆ పూట అక్కడే ఉంటాయి. వాళ్లలో యాభై దాటి, జేబులో మడతపెట్టిన గుడ్డసంచీ ఉన్నాయన్ని పట్టుకుందాం. పేరెందుకు, షట్స్ గారనే అందాం. ఇంట్లో ఆయన పేరు వాడి ఏళ్లయింది.

ఆయనా భార్యను షట్సనే పిలుస్తాడు. ముద్దు ఎక్కువైన రోజున ఆవిడ ఎలుకవుతుంది, కుందేలవుతుంది, పిచ్చుకవుతుంది. మరీ పొంగిపోతే ఎలుకకి ఎలుగుబంటిని అతికించి "మౌజెబేర్" అంటాడు. మన దగ్గర పెళ్లాన్ని ఎలుకా అన్నవాడికి ఆ రాత్రి పస్తే. అక్కడ ఆవిడ మురిసిపోయి, "ఏంటి ఎలుగ్గొడ్డూ?" అంటుంది.

జంతువులన్నిటినీ ఇంత ధారాళంగా పంచే మనిషి "ఇష్ లీబె డిష్" (నిన్ను ప్రేమిస్తున్నా) దగ్గరికొచ్చేసరికి పరమ పిసినారి. అది పెద్ద నోటు, కూరగాయలకి తీయకూడదని ఆయన లెక్క. అమ్మకీ పిల్లలకీ స్నేహితులకీ చెప్పే "ఇష్ హాబ్ డిష్ లీబ్" (నువ్వంటే నాకిష్టం) రోజువారీ వాడకానికి చాలు. అందులోనూ పొదుపే. ఎస్సెమ్మెస్సులో 160 అక్షరాలే పట్టే రోజుల్లో కుర్రకారు దాన్ని హెచ్‌డీఎల్ అని కుదించారు. కూతురి దగ్గర నేర్చుకున్న ఆ మూడక్షరాలనే ఆయన ఇప్పటికీ భార్యకి పంపుతున్నాడు. మన తెలుగు ఇంజనీరెవరైనా ఆ ఫోన్ చూస్తే, పాపం, ఆఫీసులో ఉండి కూడా కొలెస్ట్రాల్ గురించే బెంగ అనుకుంటాడు.

పొగడ్తా అంతే. ఆవిడ గంటలు గంటలు వండి, ఎలా ఉందని అడిగితే "తినొచ్చు" అంటాడు. స్వాబియా వైపు మనిషైతే ఆ మాటా ఉండదు. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అని వాళ్లకి సామెతే ఉంది.

మరి ప్రేమెక్కడుందయ్యా అంటే, గరాజులో. అక్టోబరు వచ్చిందంటే ముందు భార్య కారుకి చలికాలపు టైర్లు వేస్తాడు, తన కారు తర్వాత. టైరు గాడి 1.6 మిల్లీమీటర్లున్నా చట్టం ఒప్పుకుంటుంది. తన కారుకి అది చాలనుకుంటాడేమో గానీ, ఆవిడ కారుకి మాత్రం 4 ఉండి తీరాలి. మోకాళ్ల మీద కూర్చుని కొలుస్తాడు. ఆవిడ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంటుంది.

ఏప్రిల్ 30 రాత్రి రైన్ నదీ తీరంలో కుర్రాళ్లు బర్చ్ చెట్టుకి రంగురంగుల క్రేప్ కాగితాలు చుట్టి ప్రియురాలి ఇంటి ముందు కట్టి వస్తారు. లీపు సంవత్సరంలో ఆ వంతు ఆడపిల్లలది. వయసులో ఉండగా షట్స్ గారూ కట్టాడు. అటవీశాఖ దగ్గర డబ్బు కట్టి కొన్న చెట్టు. రసీదు ఇప్పటికీ ఫైల్లో ఉంది.

ఈసారి చెట్టు ఆయన గుమ్మం ముందే వెలిసింది, చెక్క హృదయం మీద కూతురి పేరుతో. తెల్లారి ఇంటి చెప్పులతోనే బయటికొచ్చి, తాడు లాగి చూసి, ముడి బాగులేదని విప్పి మళ్లీ తనే కట్టాడు. పోటీదార్లు ఎత్తుకుపోకుండా రాత్రంతా కాపలా కాసి కార్లోనే నిద్రపోయిన కుర్రాణ్ణి అద్దం తట్టి లేపాడు.

"గాలికి ఇది పక్కింటాయన కారు మీద పడితే? నీకు థర్డ్‌పార్టీ ఇన్సూరెన్స్ ఉందా?"

"ఉందండీ."

"అయితే లోపలికి రా, కాఫీ తాగుదువుగాని."