శాతాల మావయ్య

ప్రతి చుట్టరికంలోనూ ఒక శాతాల మావయ్య ఉంటాడు. మీ ఇంట్లో లేడంటారా? పిల్లల్ని చాటుగా అడగండి, మీ పేరే చెబుతారేమో.

ఆషాఢం వస్తే ఆయనకి పండగే. చీరల కొట్టు మీద ‘50 శాతం తగ్గింపు, ఆపైన మరో 20’ అన్న బోర్డు కనబడితే చాలు, లోపలికి దూరి సేల్స్ అమ్మాయిని పట్టుకుంటాడు.

“మొత్తం 70 శాతం పోతుందామ్మా?”

“అవునంకుల్.”

ఆ అవును కోసమే ఆటో మాట్లాడుకుని వచ్చాడాయన. “చీర 4,800. సగం పోతే 2,400. ఇంక 20 శాతం తీసేది దేనిలో? ఈ 2,400లో! అంటే 480. చీర 1,920 పడింది. తగ్గింది 60 శాతమే!” ఈలోగా అత్తయ్య పక్క వరసలో తగ్గింపు లేని చీరకి బిల్లు వేయించేస్తుంది.

పిల్లల మీద పడేది భోజనాల దగ్గర. ముద్ద నోట్లో ఉండగా “25లో 16 శాతం ఎంతరా?” అంటాడు. వాడు గుడ్లు తేలేస్తే మావయ్య మొహం వెలిగిపోతుంది. “తిరగెయ్యి. 16లో 25 శాతం. పావు వంతు. నాలుగు!” ఒప్పుకోవాలి, మంచి కిటుకే. అక్కడితో ఆగితే ఎంత బాగుండును! “తరగతిలో 60 మంది. 40 శాతం ఆడపిల్లలు. మగపిల్లలెందరు?”

“ఇరవై నాలుగు, మావయ్యా.”

“పదో వంతు ఆరు, నాలుగార్లు ఇరవై నాలుగు, లెక్క బాగానే చేశావు. కానీ వాళ్లు ఆడపిల్లల్రా! అడిగింది మగపిల్లల్ని, 36. ప్రశ్న చివరిదాకా వినని వంశం” అంటూ బావగారి వైపు ఓరగా చూస్తాడు.

ఊళ్లో ఎవరైనా “నూటికి రెండేనండీ వడ్డీ” అన్నారా, అయిపోయారే. “నెలకి కదూ? ఏడాదికి 24 శాతమయ్యా!” అని అప్పిచ్చినవాణ్నీ పుచ్చుకున్నవాణ్నీ కలిపి భయపెడతాడు.

మొన్న బావగారి అమ్మాయి పెళ్లికి వంటల లెక్క కూడా ఆయనే వేశాడు. శుభలేఖలు 250, ఇంటికి ఇద్దరు, మొత్తం 500. 20 శాతం మంది రారు. 400 విస్తళ్లకి వండితే చాలు. వంటమేస్త్రి ఏదో అనబోతే వేలెత్తి ఆపేశాడు. శుభలేఖలో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని అచ్చేయించారు, జనం దాన్ని అక్షరాలా పాటించారు. మూడో బంతికి పప్పు గిన్నె చప్పుడు చేసింది.

“శాతం కరెక్టే బావా, మొత్తమే తప్పింది” అన్నాడు మావయ్య, కిళ్లీ బుగ్గన పెట్టుకుంటూ. ఆయన మొదటి బంతిలోనే కూర్చున్నాడు లెండి.