దిష్టి కాదు, అమ్మోనియా

మన ఇళ్ళలో అక్వేరియం చేప చచ్చిపోతే పోస్ట్‌మార్టం రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఇంటికి రావలసిన కీడును తన మీద వేసుకుని పోయిందని ఎవరో ఒక పెద్దావిడ తేల్చేస్తుంది. తొట్టె ఈశాన్యంలో ఉందా, ఉత్తరంలో ఉందా, ఎర్ర చేపల మధ్య నల్ల చేప ఒకటి ఉందా లేదా అని కాసేపు విచారణ జరుగుతుంది. దోషి మాత్రం రంగు లేకుండా ఆ నీళ్ళలోనే కరిగి ఉండి, ఆ విచారణ మొత్తం వింటూ ఉంటుంది. దాని పేరు అమ్మోనియా. చచ్చిన చేపకు త్యాగమూర్తి బిరుదివ్వడంలో గొప్ప సౌకర్యం ఉంది: త్యాగం మీద ఎవరూ కేసు పెట్టరు. మర్నాడు కొత్త చేపను తెచ్చి వేస్తారు, వారం తిరక్కుండా అదీ త్యాగం చేస్తుంది. ఒక్క కొంపకు ఏడాదిలో ఇన్ని కీడులు ఎందుకొస్తున్నాయని ఎవరికీ అనుమానం రాదు. నా అనుమానం కీడు మీద కాదు, ఇంటివాళ్ళ శ్రద్ధ మీద. చేపల తొట్టెలో జరిగే చావుల్లో చాలావాటికి కారణం పట్టించుకోకపోవడం కాదు, ఉన్నట్టుండి పట్టించుకోవడం. పాడైన నీటిని బాగుచేయాలంటే చేయవలసిన పనులు కొన్నే, మానుకోవలసినవి బోలెడు.

చేప తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువగా అమ్మోనియా రూపంలో మొప్పల గుండా వదిలేస్తుంది. తినగా మిగిలిన మేత గుళికలు కుళ్ళినా వచ్చేది అదే. గోదావరిలో చేపకు ఇదొక సమస్య కాదు, నది మోసుకుపోతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో అంచుదాకా పోసినా పట్టేది 56 లీటర్లు. అక్కడ మోసుకుపోయేది బాక్టీరియా ఒక్కటే. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోదాన్ని మోతాదు మించనంతవరకు చేప ఓర్చుకుంటుంది. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త ఈ జాతుల్ని మట్టి నుంచి వేరుచేసి చూపించాడు. అక్వేరియంలో రెండో అంచె పని చేస్తున్నది అందరూ అనుకున్న నైట్రోబాక్టర్ కాదని, నైట్రోస్పైరా తరహాదని హోవనెక్ బృందం 1998లో తేల్చింది. రెండంచెల పనినీ ఒంటిచేత్తో చేసుకుపోయే నైట్రోస్పైరాలు కూడా ఉన్నాయని 2015లో బయటపడింది. చాకిరీ ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం మన ఆఫీసుల్లోనే మొదలైందనుకునేవాళ్ళు ఇది గమనించాలి.

ఈ బాక్టీరియాకు రెండు గుణాలున్నాయి. తొట్టె గలవారి కష్టాలన్నీ ఆ రెండిటి దగ్గరే మొదలవుతాయి. ఒకటి, ఇవి నీళ్ళలో తేలుతూ తిరిగేది తక్కువ. ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ళ మీద అంటిపెట్టుకుని ఉంటాయి. రెండు, మహా నెమ్మది. ఈ-కోలి లాంటి బాక్టీరియా అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. వీటికి గంటల తరబడి, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. కొత్త తొట్టె కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది అందుకే. ఇప్పుడు మన ఆదివారం శుభ్రత కార్యక్రమం చూడండి. నీళ్ళన్నీ పారబోస్తారు. గులకరాళ్ళను బియ్యం కడిగినట్టు కడుగుతారు. జిడ్డుగా ఉందని స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండుతారు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. క్లోరిన్ కలిపిన తాగునీటిలో అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణమే చెబుతోంది, ఎందుకంటే బాక్టీరియాను చంపడమే దాని ఉద్యోగం. మంచి బాక్టీరియా ఏది, చెడ్డది ఏది అన్న విచక్షణ దానికి లేదు. సాయంత్రానికి తొట్టె తళతళలాడుతుంది. కాపురముండేవాళ్ళు పోయాక ఏ ఇల్లైనా శుభ్రంగానే ఉంటుంది.

రెండు మూడు రోజులకు చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అవి ఊపిరాడక తెరుస్తున్నాయి. ఇంటివాళ్ళకు ఆకలితో తెరిచినట్టు కనిపిస్తుంది. ఎదురుగా ఎవరు నోరు తెరిచినా ముద్ద పెట్టడం తెలుగువాళ్ళ సంస్కారం కాబట్టి ఇంకో చెంచా మేత పడుతుంది. అది ఇంకాస్త అమ్మోనియా అవుతుంది. ఆనక నైట్రైట్ రక్తంలోకి చేరి, ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. అప్పుడు నీలిమందు పోస్తారు. మిథిలీన్ బ్లూ మంచి మందే, కాని అది ఫిల్టర్‌లో చావగా మిగిలిన బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. ఇంత సేవ తర్వాత కూడా బతికి బట్టకట్టిన చేపను మెచ్చుకోవాలి.

నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అంటారు. అసలు తిరకాసంతా ఆ తేటదనంతోనే. అమ్మోనియాకు రంగు లేదు, నైట్రైట్‌కూ లేదు. పటిక తిప్పితే మట్టి అడుక్కి దిగి నీళ్ళు అద్దంలా తయారవుతాయి. కాని పటిక నీటిలోని క్షారత్వాన్ని తినేసి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. ఆర్వో నీళ్ళు పోస్తే చేపకు కావలసిన లవణాలూ ఉండవు, పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్లూ ఉండవు. ఈ సంగతి భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతును అడగండి. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ ముందుందంటే చెరువు నీళ్ళు తళతళలాడినందుకు కాదు. ఆ నీళ్ళు ఆకుపచ్చగా, చూడ్డానికి అనాకారిగా ఉంటాయి. కాని వాటి పీహెచ్ ఎంతో, అమ్మోనియా ఎంతో, ఆక్సిజన్ ఎంతో లెక్క ఉంటుంది. డబ్బు మునిగేవాడు పరీక్ష చేయిస్తాడు, చేప మునిగేవాడు దిష్టి తీయిస్తాడు.

పీహెచ్ గొడవ వినడానికి నీరసంగా ఉంటుంది గాని, ఈ కథలో అసలు మలుపు అక్కడే ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. హైడ్రోజన్ అయాన్‌తో జతకట్టిన అమ్మోనియం సాధువు. ఒంటరి అమ్మోనియా విషం. ఎవరి వాటా ఎంతో పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల వేడి నీటిలో పీహెచ్ 7 దగ్గర విషరూపం నూటికి అరవంతు మాత్రమే. 8 దగ్గర అది నూటికి ఐదు దాటుతుంది. ఒక్క మెట్టుకు దాదాపు పదింతలు. ఇప్పుడు నెలల తరబడి ఎవరూ ముట్టుకోని తొట్టెను తీసుకోండి. బాక్టీరియా ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చాలంటే దాదాపు ఏడు గ్రాముల సున్నపురాయితో సమానమైన క్షారత్వం ఖర్చవుతుంది. నిల్వ తరిగేకొద్దీ పీహెచ్ జారుతుంది. 6 దరిదాపులకు వస్తే బాక్టీరియా పని బాగా మందగిస్తుంది, అమ్మోనియా పోగుపడుతుంది. అయినా అంత తక్కువ పీహెచ్‌లో అది సాధురూపంలోనే ఉంటుంది కనుక చేపలు బతుకుతూనే ఉంటాయి. లీటరుకు 4 మిల్లీగ్రాములు చేరిందనుకుందాం. అందులో విషం 0.002 మాత్రమే. అప్పుడు ఇంటాయనకు బుద్ధి పుడుతుంది. సగం నీళ్ళు తీసి, పీహెచ్ 8 ఉన్న ఉప్పటి బోరు నీళ్ళు పోస్తాడు. అమ్మోనియా మొత్తం 2కు దిగింది, నిజమే. కాని పీహెచ్ 7.8కి ఎగబాకితే విషరూపం 0.07 దగ్గరికి చేరుతుంది. చెత్తను సగం చేసినవాడు విషాన్ని ముప్పై రెట్లు పెంచాడు. వంటసోడా గుమ్మరించినా ఇదే ఫలితం. తెల్లారి చూస్తే చేపలు వెల్లకిలా తేలుతుంటాయి, పెద్దావిడ సిద్ధంగా ఉంటుంది.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. వారం వారం నీళ్ళన్నీ మార్చి ఏళ్ళ తరబడి చేపల్ని బతికించినవాళ్ళు లేరా? ఉన్నారు. డిస్కస్ చేపల్ని పెంచేవాళ్ళలో రోజూ పెద్ద మొత్తంలో మార్చేవాళ్ళూ ఉన్నారు. అలా తరచూ మార్చేచోట పాతనీరు కొత్తనీటికి దూరమయ్యే వ్యవధే ఉండదు; క్లోరిన్ తీసి, వేడి సరిచూసి పోస్తే ప్రమాదం లేదు. నీళ్ళు మార్చడం తప్పని నేననడం లేదు. ఎంతకాలం మరిచిపోయారో అంత మెల్లగా మార్చాలంటున్నాను. మన తాతల బావుల్లో చేపలకు ఏ కెమిస్ట్రీ తెలుసు అని మరో ప్రశ్న. బావిలో వేల లీటర్ల నీళ్ళు, వేళ్ళమీద లెక్కపెట్టే చేపలు; పైగా రోజూ చేంతాడుతో తోడుతుంటే అడుగున ఊట ఊరేది. అంతకంటే పద్ధతిగా నీళ్ళు మార్చడం ఏం కావాలి? మొక్కలు వేస్తే చాలదా అనేవాళ్ళకు 1850 నాటి సాక్ష్యం ఉంది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నీటిమొక్కలు, నత్తలు, చేపలు కలిపి తొట్టెలో సమతూకం సాధించి కెమికల్ సొసైటీకి వివరించాడు. మొక్కలు అమ్మోనియాను పీల్చుకుంటాయి, నిజమే. కాని ఆయన పన్నెండు గ్యాలన్ల పాత్రలో వేసినవి రెండే రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు. మనం అదే కొలత తొట్టెలో డజను వేసి, నాలుగు వేస్తే బోసిగా ఉంటుందంటాం.

మరి పాడైన నీటికి చికిత్స ఏమిటి? ముందు చుక్కల పరీక్ష కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూడాలి. తొట్టె నీటికే కాదు, పోయబోయే నీటికీ చూడాలి. రెండు మూడు రోజులు మేత ఆపాలి. చేప ఉపవాసానికి చావదు, మన జాలికే చస్తుంది. రెండు నీళ్ళ పీహెచ్ దగ్గరగా ఉంటే సగం దాకా మార్చినా పరవాలేదు. దూరంగా ఉంటే రోజుకు పదోవంతు చొప్పున దగ్గరికి తేవాలి. కుళాయి నీటికి సోడియం థయోసల్ఫేట్ కలపాలి. దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కల్లో సాధారణంగా ఉండేది అదే. నైట్రైట్ ఎక్కువుంటే కాస్త ఉప్పు మేలు చేస్తుంది. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. గాలి పంపు ఆగకూడదు. కరెంటు గంటల తరబడి పోతే ఫిల్టర్‌లో బాక్టీరియాకూ ఊపిరాడదని గుర్తుంచుకోవాలి. స్పాంజిని అసలు కదపకూడదు. మరీ పూడుకుపోతే తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి ముంచి తీయాలి. బాక్టీరియా పూర్తిగా పోయిందనిపిస్తే పక్కింట్లో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె నుంచి పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోవాలి. పెరుగు తోడుకు గిన్నె పట్టుకెళ్ళడానికి సిగ్గుపడనివాళ్ళం, దీనికి మొహమాటపడనక్కర్లేదు. ఆ తొట్టెలో రోగమేదీ లేదని చూసుకుంటే చాలు.

చివరి అభ్యంతరం ఒకటుంది: ఒక చేప కోసం ఇంత శ్రమా? శ్రమ లెక్క తీస్తే నెగ్గేది నా పక్షమే. తొట్టె దించి, రాళ్ళు కడిగి, నడుం పట్టేసి, తడిసిన గచ్చు తుడిచే ఆదివారాలు ఒకవైపు. వారానికి ఒకటి రెండు బకెట్ల నీళ్ళు తీసి అన్నే పోసి, నాలుగు చుక్కలు వేసి రంగు చూసుకోవడం ఇంకోవైపు. చేప కోరేది మన బద్ధకాన్నే, కాకపోతే దానికో టైంటేబుల్ ఉండాలి. గోల్డ్‌ఫిష్ సరైన నీళ్ళలో పదేళ్ళు దాటి బతుకుతుంది. పిల్ల ఒకటో తరగతిలో ఉండగా కొన్న చేప, ఆ పిల్ల ఇంటర్‌లో కెమిస్ట్రీ పరీక్ష రాసే నాటికి కూడా అదే తొట్టెలో తిరుగుతూ ఉండాలి. అలా లేదంటే, ఆ ఇంట్లో ఆ సబ్జెక్టులో ముందే ఫెయిలైనవాళ్ళు పెద్దలన్నమాట.